బాయికాడికి రాట్‌వీలర్

షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు పోతుంటే హైవేకి రెండు పక్కలా ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు మొదలవుతాయి. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాకా కూడా అదే వరస. గేటుకు "కుక్కలున్నవి జాగ్రత్త" అని బోర్డు. లోపల చాలాసార్లు కనిపించేది రాట్‌వీలర్. నల్లటి ఒళ్లు, కళ్ల మీద రెండు గోధుమరంగు చుక్కలు, మోకు అంత మందం గొలుసు.

ఈ మధ్య బత్తాయి తోటల రైతులు కూడా ఈ కుక్క గురించి అడుగుతున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. తెల్లారి బాయికాడికి పోయేసరికి స్టార్టర్ ఉండదు, కేబుల్ ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ కిందపడి ఉంటుంది, లోపలి రాగి తీగ పోయి ఉంటుంది. పెద్ద కుక్కను తెచ్చి కట్టేస్తే దొంగలు రారనుకుంటారు. ఆ ఆలోచనలో "తెచ్చి" వరకు తప్పు లేదు. "కట్టేస్తే" దగ్గరే తేడా వస్తుంది. కుక్క తనదనుకున్నదాన్నే కాస్తుంది. గొలుసు పొడవు మేర నేలనే చూసిన కుక్కకు మీ పన్నెండెకరాల తోట తనదని ఎలా తెలుస్తుంది?

ముందు ఈ జాతి ఏమిటో చూద్దాం. రాట్‌వైల్ దక్షిణ జర్మనీలో ఒక పాత సంత ఊరు. అక్కడి కసాయివాళ్లు పశువులను సంతకు తోలడానికి, మాంసం బండ్లు లాగడానికి ఈ కుక్కలను వాడేవాళ్లు. సంతలో వచ్చిన డబ్బు సంచిని కుక్క మెడకు కట్టి ఇంటికి నడిచేవాళ్లని కూడా చెబుతారు. రైళ్లు వచ్చి పశువులు బోగీలెక్కాక ఈ కుక్కకు పని పోయింది. 1882లో హైల్‌బ్రాన్‌లో కుక్కల ప్రదర్శన పెడితే ఒకే ఒక్క రాట్‌వీలర్ వచ్చిందట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీ పోలీసులు చేరదీయకపోతే ఈ జాతి మిగిలేది కాదేమో. అంటే ఇది పుట్టుకతో గేటు కుక్క కాదు. రోజంతా మనిషి పక్కన నడుస్తూ, మనిషి చెప్పిన పని చేస్తూ బతికిన కుక్క. పని లేకుండా, మనిషి లేకుండా ఉంచితే దీనికి పిచ్చెత్తినట్టు ఉంటుంది.

మగది 61 నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువు. యూరియా బస్తా 45 కిలోలు కదా, దానికి నాలుగు కాళ్లు, దవడలు వచ్చి మీ మీదికి దూకితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆడది కొంచెం చిన్నది, 42 కిలోల దాకా. మొదటిసారి పెంచేవాళ్లకు ఆడదే నయమని నా అభిప్రాయం.

దీని స్వభావంలో చాలామంది పట్టించుకోని సంగతి, ఇది ఊరికే మొరగదు. చూస్తుంది. కొత్త మనిషి వస్తే నిలబడి, నోరు మూసి, కదలకుండా చూస్తుంది. నచ్చినవాళ్ల కాలికి ఒళ్లంతా ఆనించి నిలబడుతుంది. తోకాడిస్తోంది కాబట్టి మంచిగానే ఉందనుకోవద్దు. ఒళ్లు బిగిసి, తోక పైకి లేచి, మెల్లగా బిరుసుగా ఊగుతుంటే అది స్నేహం కాదు. గిన్నె దగ్గర తల వంచి కంటి కొసతో మిమ్మల్ని చూస్తూ తినడం ఆపేసిందంటే అక్కడే ఆగిపోండి. గుర్రుమన్నందుకు మాత్రం ఎప్పుడూ కొట్టకండి. గుర్రుమనడం అది మీకు ఇస్తున్న నోటీసు. ఆ నోటీసు ఇచ్చినందుకు దెబ్బలు తిన్న కుక్క రేపు నోటీసు లేకుండానే కరుస్తుంది.

మంద దగ్గర నేర్చుకోవలసింది

కాపలా కుక్కను ఎలా పెంచాలో తెలుసుకోవడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు. మక్తల్, నారాయణపేట, దేవరకద్ర వైపు గొల్ల కురుమల గొర్ల మందల దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. కోతలయ్యాక చేలల్లో రాత్రిళ్లు మంద పెడతారు. ఎరువు కోసం రైతు గింజలో, పైసలో ఇస్తాడు. చుట్టూ తడకలు, వల. గొంగడి కప్పుకుని ఒకరో ఇద్దరో మనుషులు. ఆ అంచున కుక్కలు పడుకుంటాయి. ఈ మెట్ట నేలల్లో తోడేళ్ల భయం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ కుక్కలకు జాతి కాగితాలు ఉండవు, ధర ఉండదు. మల్లన్న బొమ్మల్లో గుర్రం పక్కన కుక్క ఉంటుంది చూడండి, గొర్లకాపరి బతుకులో దాని స్థానం అంత పాతది.

ఆ కుక్కకు ఎవరూ పాఠం చెప్పరు. కళ్లు తెరిచిన నాటి నుంచి గొర్రెల వాసనలోనే పెరుగుతుంది. గొర్రెపిల్ల మీద పడి ఆడుకోబోతే తల్లి గొర్రె తలతో ఒక్కటిస్తుంది, పాఠం అయిపోతుంది. పగలు మనుషులు, బండ్లు, ఊళ్లు, చెరువులు అన్నీ చూస్తూ మందతో నడుస్తుంది. అందుకే దారిన పోయేవాడిని వదిలేస్తుంది. చీకట్లో మంద అంచుకు వచ్చినవాడిని వదలదు. ఈ తేడా తెలియడమే కాపలా. కనబడ్డవాడి మీదికల్లా ఎగబడే కుక్కకు ఆ తేడా తెలియదు, దానికి తెలిసింది భయం ఒక్కటే.

కాపరులు అలవాటుగా చేసేదాన్ని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ఒక పుస్తకం వేశారు. పిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా మనసు తలుపులు తెరిచి ఉంటాయని, అప్పుడు చూసినవన్నీ దాని లోకంలో భాగమవుతాయని వాళ్లు తేల్చారు. ఆ తర్వాత ఎదురైన కొత్తది ఏదైనా ముందు అనుమానమే. రాట్‌వీలర్ లాంటి జాతిలో ఆ అనుమానం మరింత గట్టిది.

మీకు పిల్ల చేతికి వచ్చేది ఎనిమిదో వారం తర్వాత. 2017 నాటి కుక్కల పెంపక నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్న పిల్లను అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. నెల పిల్లను తెచ్చిస్తానన్నవాడి దగ్గర కొనకండి. ఇంకో పని కూడా తప్పకుండా చేయండి. పిల్లను కాదు, దాని తల్లిని చూడండి. తల్లి మిమ్మల్ని చూసి మూలకు పోయి వణికినా, బోను ఇనుప చువ్వలు కొరికినా, ఆ పిల్ల ఎంత ముద్దొచ్చినా వెనక్కి రండి. కాగితాలు పుట్టుక గురించి చెబుతాయి, గుణం గురించి చెప్పవు.

పన్నెండో వారం దాకా లెక్కేస్తే మీ చేతిలో ఉన్నది ఇంకో నాలుగు వారాలే. ఆ వారాల్లో తోటకు ఎవరెవరు వస్తారో అందరినీ చూపించండి. బత్తాయి కోతకు వచ్చే ఆడవాళ్లు, పత్తి ఏరే కూలీలు, కరెంటు లైన్‌మన్, హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు, చేతికర్ర పట్టుకున్న ముసలాయన, బురఖా వేసుకున్న పక్కింటామె, గొంగడి కప్పుకున్న కాపరి. ట్రాక్టర్ చప్పుడు, పీర్ల పండుగ డప్పులు, బతుకమ్మ ఆట, దీపావళి పటాకులు దూరం నుంచి. మేకలు, బర్రెలు, కోళ్లు. టీకాలు పూర్తికాలేదని ఇంట్లో దాచేస్తారు చాలామంది. పార్వో వైరస్ భయం నిజమే, రాట్‌వీలర్ పిల్లలకు అది మరీ ప్రమాదం. అందుకు మార్గం నేల మీద వదలకపోవడం. చంకన వేసుకుని, కారులో కూర్చోబెట్టుకుని తిప్పండి. ఊరి సంతలో ఒక మూల కారు ఆపి, కిటికీ దించి పావుగంట కూర్చున్నా దానికి బోలెడు చదువు.

ఎవరి కుక్క?

ఫామ్‌హౌస్ యజమాని ఆదివారం వస్తాడు. కుక్కకు అన్నం పెట్టేది, నీళ్లు పోసేది, రాత్రి పక్కన పడుకునేది తోట కాసే మనిషి. ఆరు నెలల్లో కుక్క ఎవరిదో తేలిపోతుంది. యజమాని కారు దిగితే అది లేచి నిలబడి కొత్త మనిషిని చూసినట్టే చూస్తుంది. లక్షలు పెట్టి తోట కొన్నవాడికి ఇది అవమానంగా ఉంటుంది, కానీ తప్పు కుక్కది కాదు.

కాబట్టి కొనేముందు మాట్లాడవలసింది తోటలో ఉండే కుటుంబంతో. వాళ్లకు కుక్క ఇష్టమేనా? వాళ్ల పిల్లలెంతమంది, ఏ వయసు? ఇంటామెకు భయమా? భయపడేవాళ్ల చేత రోజూ రెండు పూటలా 50 కిలోల కుక్కకు గిన్నె పెట్టించడం అన్యాయం. వాళ్లు దూరం నుంచి గిన్నె నెట్టి పరిగెత్తుతారు, కుక్క ఆ పరుగును గుర్తుపెట్టుకుంటుంది. వాళ్లు సరేనంటే పిల్లను మీరూ వాళ్లూ కలిసే తెచ్చుకోండి. మొదటి వారాలు మీరూ తోటలోనే ఉండండి. కుదరదంటారా, అయితే ఈ కుక్క మీకు కుదరదు.

మాటలు కూడా అందరూ ఒకటే వాడాలి. మీరు "సిట్" అంటారు, మీ ఆవిడ "కూర్చో" అంటుంది, తోట కాసే ఆయన "కూసో" అంటాడు. మూడు మాటలూ ఒకటేనని దానికి ఎవరు చెప్పాలి? ఎక్కువసేపు దగ్గరుండేది ఆయన కాబట్టి ఆయన మాటకే అందరూ రండి. కూసో, రా, ఆగు, ఇడువు. ఈ నాలుగూ గట్టిగా వస్తే చాలు. ఉడికించిన కోడిముక్క చేతిలో పెట్టుకుని రోజుకు మూడుసార్లు ఐదేసి నిమిషాలు నేర్పండి. "ఇడువు" మీద అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టండి. నోట్లో ఉన్నది వదిలితే అంతకన్నా మంచిది దొరుకుతుందని చిన్నప్పుడే తెలియాలి. తినే గిన్నె లాగేసి "నేను యజమానిని" అని నిరూపించుకునే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అది దొంగతనం నేర్పినట్టే తప్ప విధేయత నేర్పినట్టు కాదు.

కరవడం నేర్పిస్తామంటూ వచ్చే ట్రైనర్లను మాత్రం గేటు దగ్గరి నుంచే పంపించేయండి. మన రాష్ట్ర పోలీసులు మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో జాగిలాలను తయారు చేస్తారు. ఒక కుక్కకు ఒక హ్యాండ్లర్, ఇద్దరికీ కలిపి నెలల తరబడి శిక్షణ, తర్వాత కూడా ఆ హ్యాండ్లరే. అంత కట్టుదిట్టం ఉన్నచోట చేసే పనిని నెల రోజుల్లో మీ పెరట్లో చేస్తానంటున్నవాడు మీకు ఇచ్చేది ఆపడం తెలియని కుక్కను. రాట్‌వీలర్ నిలబడి ఒక్కసారి లోగొంతుతో మొరిగితే స్టార్టర్ దొంగ అక్కడ నిలబడడు. అంతకు మించి మీకేం కావాలి?

తోట కాసే కుటుంబం మారితే? మన దగ్గర తరచూ జరిగేదే, ఉగాదికి లెక్క చూసుకుని వెళ్లిపోతారు. పాతవాళ్లూ కొత్తవాళ్లూ కనీసం కొన్ని రోజులు కలిసి ఉండేలా చూడండి, ఆ రోజులకు రెండు జీతాలైనా సరే. మొదట పాతాయన పక్కన నిలబడగా కొత్తాయన గిన్నె పెట్టాలి. తర్వాత పాతాయన దూరంగా కూర్చోవాలి. రాత్రికి రాత్రి మనుషులను మార్చి "కుక్క ఎగబడింది" అంటే అది తన పని చేసినట్టే.

గొలుసు, ఎండ

జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. గొలుసుతో కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా దాని పదకొండో సెక్షన్ కింద నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, రోజంతా కట్టేసిన కుక్క తోవన పోయే ప్రతి బడిపిల్లనూ చూసి గొలుసు తెంపుకోబోతుంది. గొలుసు తెగిన రోజు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పగలు నీడ ఉన్న విశాలమైన కంచెగదిలో, రాత్రి ప్రహరీ లోపల వదిలి ఉంచండి. గేటుకు రెండు తలుపులుంటే మంచిది, ఒకటి మూశాకే రెండోది తెరిచేలా.

ఎండ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇది చలిదేశపు కుక్క, పైగా నల్లది, రెండు పొరల బొచ్చు. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటడం మనకు వింత కాదు. గుట్టల పక్కన రాతి నేలైతే పొద్దు గుంకాక కూడా బండ చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటుంది. రేకుల షెడ్డులో దీన్ని ఉంచకండి. వేపచెట్టు కింద, కొబ్బరాకు లేదా గడ్డి కప్పిన పందిరి, తడి ఇసుక గుంత, కూర్చుంటే పొట్ట మునిగేంత సిమెంటు తొట్టి, ఒక ఫ్యాను. నడక తెల్లారకముందే. నేల మీద అరచేయి వెనుక భాగం ఆనించి ఏడు లెక్కపెట్టలేకపోతే దాని పాదాలకూ అది పనికిరాదు.

వడదెబ్బ తగిలితే ఆగకుండా రొప్పుతుంది, చిగుళ్లు ముదురు ఎరుపెక్కుతాయి, చొంగ చిక్కగా కారుతుంది, తూలుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు, 41కి పోయిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. నీడకు చేర్చి ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేయండి, తర్వాతే డాక్టరు దగ్గరికి బండెక్కించండి. తడి గోనెసంచి కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు.

తిండికి కంగారు అక్కర్లేదు. జొన్న గట్క, అన్నం, పెరుగు, గుడ్లు, ఉడికించిన కోడి మాంసం కలిపి పెట్టొచ్చు, కొలత మాత్రం డాక్టరుతో రాయించుకోండి. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు. ఉడికించిన ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి, వద్దు. పిల్ల తొందరగా పెరగాలని కాల్షియం సీసాలు తాగించేవాళ్లున్నారు. పెద్ద జాతి పిల్లల్లో అది ఎముకలను, కీళ్లను పాడుచేస్తుంది. ఒకేసారి కడుపునిండా పెట్టకుండా రెండు పూటలు చేయండి, తిన్న వెంటనే పరిగెత్తించకండి. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడటం గంటల్లో చంపేస్తుంది. పొట్ట బిగిసి, వాంతి కాక ఓకరిస్తుంటే తెల్లారేదాకా చూడొద్దు.

నీళ్ల గురించి మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లకు ఒక మాట. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే కాదు, పశువులనూ వంచుతుంది. మీరు మిషన్ భగీరథ నీళ్లు తాగుతూ కుక్కకు బోరు నీళ్లు పోయకండి. ఎదిగే పిల్లకు అసలే వద్దు.

వానాకాలం పిడుదులతో జ్వరం వస్తుంది. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే రక్తపరీక్ష చేయించాలి. తోటల్లో పాముకాటు కూడా మామూలే, ముక్కో మూతో వాచి కనిపిస్తుంది. మనుషులకిచ్చే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది కాబట్టి ఆశ వదలకుండా వెంటనే బయలుదేరండి. ఎక్స్‌రేలు, ఆపరేషన్లు కావాలంటే రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆసుపత్రి ఉంది.

ఊరితో సంబంధం

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ జాబితాలో రాట్‌వీలర్ ఉంది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. అంతటితో యజమాని బాధ్యత కొట్టుకుపోలేదు. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం జంతువు వల్ల మనిషికి ప్రమాదం కలగకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక డెలివరీ కుర్రాడు జర్మన్ షెపర్డ్ మీదికి రాగానే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. కుక్క కరవనే లేదు. తలుపు తెరిచే ముందు కుక్కను లోపలి గదిలో వేయడం అనే చిన్న అలవాటు ఎంత పెద్దదో ఆ ఘటన చెబుతుంది.

ఎవరినైనా కరిస్తే పసుపు, కారం, సున్నం రాయనివ్వకండి. సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించి, అదే రోజు ప్రభుత్వ దవాఖానకు మీరే తీసుకుపోండి. మీ కుక్కకు టీకా వేశామన్న ధీమాతో వాళ్ల సూది ఆపొద్దు. దవాఖాన ఖర్చు, పోయిన కూలి మీరే పెట్టుకోండి.

వీధికుక్కలతో పోట్లాటలు కూడా వస్తాయి. అప్పుడు మనుషులకు వచ్చే కోపం ఎంతదాకా పోగలదో 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో చూశాం, ఒక్క రాత్రిలో ఇరవై దాకా వీధికుక్కలను తుపాకీతో కాల్చేశారు. మీ కుక్కను కంచె లోపల ఉంచుకోవడం, ఊరి కుక్కలకు ఆపరేషన్లు చేయించమని పంచాయతీని అడగడం, ఈ రెండే మీ చేతిలో ఉన్నవి.

ఇక్కడిదాకా చదివి, తోటలో రాత్రి ఎవరూ ఉండరు, మేం వారానికోసారి వస్తాం అనుకుంటున్నవాళ్లు రాట్‌వీలర్‌ను తేకండి. స్టార్టర్‌కు ఇనుప పెట్టె, గట్టి తాళం, ఒక కెమెరా పెట్టించుకోండి. మనిషి ఉంటాడు, కానీ ఇంత పెద్ద కుక్కను సంభాళించే ఓపిక లేదనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఏదైనా మంద దగ్గర అడిగి రెండు ఊరకుక్క పిల్లలను తెచ్చుకోండి. ఎండకు తట్టుకుంటాయి, గట్క తింటాయి, ఆకు కదిలినా మొరుగుతాయి. రాట్‌వీలర్ బతికేది ఎనిమిది నుంచి పదేళ్లు, ఇవి అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. పైన చెప్పిన నాలుగు మాటలూ, టీకాలూ వీటికీ వర్తిస్తాయి. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఏటా ఒకటి. 1885 జూలై 6న పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేయించాడు, ఆ గుర్తుగా ఏటా జూలై 6న పశువుల దవాఖానల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ రోజు వరస పెద్దగా ఉంటుంది, పొద్దున్నే పోండి, టీకా కార్డు మరిచిపోకండి.